టోస్ట్‌మాస్టర్స్: డబ్బూ మనమే కట్టాలి, పనీ మనమే చెయ్యాలి

టోస్ట్‌మాస్టర్స్ అంటే నలుగురిలో మాట్లాడటం నేర్చుకునే క్లబ్బులు. ముందు వాటి ఖర్చు సంగతి చెప్పేస్తాను. మా ఆయన అడిగిన మొదటి ప్రశ్న అదే, మీ ఇంట్లోనూ అదే అడుగుతారు. టోస్ట్‌మాస్టర్స్ సభ్యత్వం ఆరు నెలలకు 60 డాలర్లు. కొత్తగా చేరేవాళ్లు ఒక్కసారికి మరో 20 డాలర్లు కట్టాలి. మన డబ్బుల్లో చూస్తే మొదటి ఆరు నెలలకు ఏడు వేలకు అటూ ఇటూ అవుతుంది. దాని మీద హాలుకీ, టీకీ క్లబ్బు కాస్త వేసుకుంటుంది. ఇంతా కట్టి వెళ్తే అక్కడ పాఠం చెప్పే మాస్టారు ఉండరు, ఏసీ ఉండదు. మన కోసం కుర్చీ వేసి పెట్టేవాళ్లూ ఉండరు. రెండో వారానికల్లా ఆ కుర్చీలు వేసేది మనమే అవుతాం.

"ఏటమ్మా, డబ్బులు కట్టి మరీ కూలికెల్తన్నావేటి?" అన్నారు ఆమదాలవలసలో మా పెదనాన్న. నవ్వి ఊరుకున్నాను గానీ, ఈ సంస్థ గురించి అంతకంటే సరిగ్గా చెప్పినవాళ్లను నేనింకా చూడలేదు.

నా మార్కులు ఐదుకి నాలుగు. మా క్లబ్బు పేరు ఇక్కడ రాయడం లేదు. విశాఖలో క్లబ్బులు ఒకటికి మించి ఉన్నాయి, నడిచే పద్ధతి అన్నిచోట్లా ఒకటే. నాది సీతమ్మధార, ఒక కన్‌స్ట్రక్షన్ ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను. అమ్మాయి హాస్టల్‌కి వెళ్లిపోయాక ఆదివారాలు ఖాళీ అయ్యాయి. చేరడానికి అంతకు మించి పెద్ద కారణమేమీ లేదు.

'టోస్ట్' అంటే విందులో గ్లాసెత్తి చెప్పే మాట కదా, పేరు వినగానే ఇదేదో మందు పార్టీ వ్యవహారం అనుకునేవాళ్లున్నారు. మా అత్తగారు చాలాకాలం అలాగే అనుకున్నారు, ఇప్పటికీ ఆవిడకి పూర్తి నమ్మకం కుదరలేదు. రాల్ఫ్ స్మెడ్లీ అనే ఆయన 1924 అక్టోబరు 22న అమెరికాలో కాలిఫోర్నియాలోని శాంటా ఆనా అనే ఊళ్లో, వైఎంసీఏ (క్రైస్తవ యువజన సంఘం) భవనంలో దీన్ని మొదలుపెట్టాడు. మన బీచ్ రోడ్డులో ఉన్న వైఎంసీఏ ఆ కుటుంబంలోదే. అక్కడికొచ్చే కుర్రాళ్లకు నలుగురిలో మాట్లాడటం, సభ నడపడం, కమిటీల్లో పనిచేయడం నేర్పాలన్నది ఆయన ఉద్దేశం. మాట్లాడటం నేర్పుతారన్న సంగతి అందరికీ తెలుసు. సభ నడపడం నేర్పుతారన్నది చేరినవాళ్లలో కూడా సగం మంది పట్టించుకోరు. నా దృష్టిలో అసలు సరుకు అదే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 1973 దాకా ఈ క్లబ్బుల్లో ఆడవాళ్లకు సభ్యత్వమే లేదు. హెలెన్ బ్లాంచర్డ్ అనే ఆవిడ 1970లో 'హోమర్' అనే మగపేరుతో చేరింది. ఆవిడే 1985లో సంస్థ మొత్తానికి తొలి మహిళా అధ్యక్షురాలైంది. ఈ కథ మా అత్తగారికి చెప్తే, "మరి మీసాలేవీ అని ఎవరూ అడగలేదా?" అన్నారు.

ఇక మీటింగ్ ఎలా ఉంటుందంటే. గంటన్నర, రెండు గంటలు. తయారై వచ్చిన వాళ్ల ప్రసంగాలు మామూలుగా 5 నుంచి 7 నిమిషాలు. మొట్టమొదటి ప్రసంగం మన గురించి మనం చెప్పుకునేది, దానికి 4 నుంచి 6 నిమిషాలు. తర్వాత టేబుల్ టాపిక్స్: అప్పటికప్పుడు ఒక ప్రశ్న ఇస్తారు, లేచి ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాలి. ఆ పైన ప్రసంగాల మీద అభిప్రాయం చెప్పేవాళ్లు వస్తారు, వాళ్లకి రెండు మూడు నిమిషాలు. ఒకరు టైము చూస్తారు, ఒకరు భాష చూస్తారు, ఇంకొకరు మన మాటల్లో దొర్లే 'ఆ...'లు, 'ఊ...'లు లెక్కపెడతారు. మొత్తాన్ని నడిపించడానికి ఆ రోజుకో టోస్ట్‌మాస్టర్. ఈ పనులన్నీ చేసేది సభ్యులే. ప్రతివారం మనుషులు మారతారు.

టైమర్ పని చిన్నదే. చేతిలో మూడు అట్టముక్కలు: పచ్చ, పసుపు, ఎరుపు. టేబుల్ టాపిక్స్‌లో నిమిషానికి పచ్చ, నిమిషంన్నరకి పసుపు, రెండు నిమిషాలకి ఎరుపు ఎత్తాలి. మా క్లబ్బువి ఫైలు అట్టలు కత్తిరించి రంగు కాగితం అంటించినవి. పచ్చదానికి ఒక మూల ఊడిపోయి ఉంటుంది, ఎవరు ఎత్తినా ఆ మూలని బొటనవేలితో అదిమిపట్టుకుంటారు. నేను గెస్టుగా వెళ్లి వెనక బెంచీలో కూర్చుంటే, ఆ రోజు రావాల్సిన టైమర్ రాలేదని ఆ అట్టలు తెచ్చి నా చేతిలో పెట్టారు. మాట్లాడుతున్నది నేవీలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఒకాయన. గొంతు ఆ గదికి ఎక్కువ. రెండు నిమిషాలైంది. ఎర్ర అట్ట ఎత్తాలంటే నా చెయ్యి లేవదే! మన పెంపకంలో పెద్దవాళ్లు మాట్లాడుతుంటే ఆపమని చెప్పడం ఎక్కడుంది? పక్కనున్న అమ్మాయి మోచేత్తో పొడిచింది. ఎత్తాను. ఆయన వాక్యం మధ్యలో ఆగి, చిన్నగా తల వంచి, కూర్చున్నారు. టీ దగ్గర నా పక్కకి వచ్చి, "కరెక్ట్ టైముకి చూపించారు మేడం, చాలామంది మొహమాటపడతారు" అన్నారు.

అసలు ఈ ఊరికి ఇలాంటిది ఎందుకు అవసరమో చెప్పాలి. విశాఖ బదిలీల ఊరు. తూర్పు నౌకాదళం, పోర్టు, స్టీల్ ప్లాంటు, రిఫైనరీ, రైల్వే, బ్యాంకులు... ఎదురు ఫ్లాట్ వాళ్లతో కూరలు ఇచ్చిపుచ్చుకునే చనువు వచ్చేసరికి కింద లారీలోకి వాళ్ల ఫ్రిజ్ ఎక్కుతూ ఉంటుంది. పరవాడ ఫార్మా కంపెనీల్లో పనిచేసే కుర్రాళ్లు గాజువాక, కూర్మన్నపాలెం రూముల్లో ఉంటారు. రుషికొండ ఐటీ పిల్లలు మధురవాడలో. ఎవరి షిఫ్టు వాళ్లది. మా ఊళ్లో అయితే రచ్చబండ ఉంది, గుడి ఉంది, పిల్చినా పిలవకపోయినా వచ్చి కూర్చునే బంధువులున్నారు. ఇక్కడ సాయంత్రమైతే ఆర్కే బీచ్‌లో వేలమంది ఉంటారు, అందరూ ముంత మసాలా తింటూ సముద్రం వైపే చూస్తుంటారు, పక్కనున్న మనిషి వైపు కాదు.

బదిలీల వల్ల మా క్లబ్బుకి ఒక విచిత్రమైన లాభం ఉంది. ఏటా వేసవిలో పాతవాళ్లు కొందరు వెళ్లిపోతారు. అందుకని ఇక్కడ పాతుకుపోయిన పెద్దలంటూ ఉండరు. వచ్చిన కొత్తవాళ్లే నాలుగు నెలల్లో పాతవాళ్లయిపోతారు. పదవి కోసం కాచుకుని కూర్చునే అవసరం లేదు, అదే వెతుక్కుంటూ వస్తుంది. క్లబ్బుకి ఏడుగురు ఆఫీసర్లు ఉండాలి. అధ్యక్షుడు, ముగ్గురు ఉపాధ్యక్షులు (ఒకరికి శిక్షణ, ఒకరికి సభ్యత్వం, ఒకరికి ప్రచారం), సెక్రటరీ, ట్రెజరర్, హాలు చూసుకునే సార్జెంట్ ఎట్ ఆర్మ్స్. ఏడుగురిని పోగెయ్యడమే గగనం. చేరిన కొన్నాళ్లకే నాకు సభ్యత్వం చూసే ఉపాధ్యక్ష పదవి అంటగట్టారు. అంటగట్టారు అనే అనాలి, పోటీకి ఎవరూ లేరు.

ఆ పనిలో ఉన్నదల్లా ఒక నోటుబుక్కు. గెస్టులు వచ్చినప్పుడు పేరు, ఫోన్ నంబరు, ఏం చేస్తారు అన్నవి అందులో రాస్తారు. సోమవారం సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చి, కుక్కర్ పెట్టి, మూడు విజిల్స్ వచ్చేలోపు వాళ్లకి ఫోన్లు చేసేదాన్ని. "మీటింగ్ ఎలా అనిపించిందండీ?" "చాలా బాగుందండీ." "వచ్చే ఆదివారం తప్పకుండా రండి." "ష్యూర్ అండీ." అంతే. మళ్లీ కనిపించేవాళ్లు కాదు. బాగాలేదన్నవాళ్లు ఒక్కరూ లేరు, వచ్చినవాళ్లూ లేరు.

తర్వాత మాట మార్చాను. ఎలా అనిపించిందని అడగడం మానేశాను. "ఆదివారం టైమర్‌గా మీ పేరు రాస్తున్నానండీ, పది నిమిషాలు ముందు రాగలరా? అట్టలు ఎలా ఎత్తాలో చూపిస్తాను." అవతల కాసేపు మాట ఉండేది కాదు. తర్వాత, "నేనింకా మెంబర్‌ని కాదు కదండీ?" "ఫర్వాలేదండీ, మనుషులు తక్కువున్నారు." వచ్చేవాళ్లు! అందరూ కాదు, కొందరు ఆ భయానికే ఫోన్ ఎత్తడం మానేశారు, అదీ నిజమే. కానీ వచ్చినవాళ్లు ఉండిపోయారు. మనలో బొట్టు పెట్టి పిలవడం మర్యాద. పేరంటానికి అది సరిపోతుంది. ముక్కూమొహం తెలియని ఊళ్లో మాత్రం, రమ్మని పిలిస్తే రానివాళ్లు పని ఉంది రమ్మంటే వస్తారు. తాను రాకపోతే అక్కడ ఒక పని ఆగిపోతుందన్న సంగతి మనిషికి తెలియాలి.

పరవాడలో ఫార్మా కంపెనీ అబ్బాయి ఒకడు అలాగే వచ్చాడు. నైట్ షిఫ్ట్ దిగి, నిద్ర లేక ఎర్రబడ్డ కళ్లతో, గాజువాక నుంచి బస్సులో. స్టేజీ మీదకి మాత్రం వచ్చేవాడు కాదు. టైమరు, ఓట్ల లెక్కింపు, బ్యానర్ కట్టడం... వెనక పనులన్నీ చేసేవాడు. ఒకరోజు ఇద్దరం బ్యానర్ మడతపెడుతుంటే, "రూములో ఐదుగురం ఉంటాం మేడం. ఎవడి షిఫ్టు వాడిదే. ఒకడు లేచేసరికి ఇంకొకడు పడుకుంటాడు. వారం మొత్తం మీద పేరు పెట్టి పిలిచేది ఇక్కడే" అన్నాడు. నేను ఏమీ అనలేదు. వచ్చే వారం అజెండాలో వాడి పేరు రెండు చోట్ల రాశాను.

అధ్యక్షురాలిని అయ్యాక తెలిసింది, ఈ సంస్థలో నాయకత్వం అంటే ప్రధానంగా తాళం చెవి అని. మా మీటింగులు ఒక ప్రైవేటు స్కూలు క్లాసురూములో జరుగుతాయి. తాళం వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. ఆయనది విజయనగరం వైపు పల్లెటూరు, సెలవు దొరికితే ఊరెళ్తాడు. శనివారం రాత్రి ఆయనకి ఫోన్ చేయకపోతే ఆదివారం ఉదయం మేమందరం గేటు బయట. ఫ్యాను తిరుగుతోందా, నీళ్ల క్యాను వచ్చిందా, ఉపన్యాసకుడు అనకాపల్లిలో బయల్దేరాడా, అతను రాకపోతే ఎవరు మాట్లాడతారు. నేను చేసిన అధ్యక్షత అంతా ఇదే. వేదిక మీద మాట్లాడింది అందులో పదోవంతు కూడా ఉండదు.

రెండోది డబ్బు. ఏటా ఏప్రిల్ 1, అక్టోబరు 1 లోపు చందాలు కట్టాలి. క్లబ్బు నిలబడాలంటే కనీసం ఎనిమిది మంది ఉండాలి, అందులో ముగ్గురైనా పాతవాళ్లు తిరిగి కట్టినవాళ్లయి ఉండాలి. సెప్టెంబరు వస్తే నాకు టెన్షన్. ఆఫీసులో కోట్ల బిల్లులు పాస్ చేసే చేత్తోనే, "తమ్ముడూ, ఈసారి కడుతున్నావా మరి?" అని మెసేజ్ టైప్ చేసి, చెరిపి, మళ్లీ టైప్ చేసేదాన్ని. వందమంది ముందు ప్రసంగం చెప్పడానికి ఏ భయం ఉంటుందో నాకు తెలుసు, డబ్బులు అడగడం ముందు అదేమీ కాదు. కానీ ఇలా ఒక్కొక్కరితో మాట్లాడినప్పుడే వాళ్ల సంగతులు తెలిశాయి. ఒకమ్మాయి ఉద్యోగం పోయిందని అప్పుడే చెప్పింది. ఇద్దరు సభ్యులు కలిసి ఆమె చందా సర్దారు. మీటింగులో ఎవరికీ తెలియదు.

ఉగాదికి తెలుగు మీటింగు పెట్టడం నేను అధ్యక్షురాలిగా చేసిన వాటిలో నాకు ఇష్టమైనది. క్లబ్బు ఏ భాషలోనైనా నడుపుకోవచ్చు, ఇంగ్లీషే ఉండాలని నియమం లేదు. మా వాళ్లకి అలవాటు మాత్రం ఇంగ్లీషు. ఉగాది పచ్చడి, పులిహోర, వాటితో పాటు ఒకరు అనకాపల్లి వైపు నుంచి తెచ్చిన మాడుగుల హల్వా. సగం మంది గెస్టులు. నేవీ వాళ్ల భార్యలు ఇద్దరు, తెలుగు రాకపోయినా హల్వా కోసం వచ్చామని చెప్పి మరీ కూర్చున్నారు. టేబుల్ టాపిక్స్ మొదలయ్యాయి. మామూలుగా ఇంగ్లీషులో గడగడా చెప్పే ఐటీ పిల్లలు తెలుగులో రెండో వాక్యానికే నీళ్లు నమిలారు. 'సో', 'బేసికల్లీ'లు లెక్కపెట్టే అమ్మాయి కాగితం నిండిపోయింది.

తర్వాతి అంశం 'కరెంటు లేని రోజు'. ఎవరూ లేవలేదు. తలుపు దగ్గర స్టూలు మీద కూర్చున్న వాచ్‌మన్‌ని, "బాబాయ్, మీరు చెప్తారా?" అన్నాను. ఆయన అటూ ఇటూ చూసి, తువ్వాలు భుజం మీంచి తీసి చేతిలో పట్టుకుని, ముందుకొచ్చాడు. హుద్‌హుద్ తుపాను రోజు గురించి చెప్పాడు. 2014 అక్టోబరు 12, ఆదివారం. ఆ రోజు ఆయన ఈ స్కూల్లోనే ఉన్నాడట. "గాలి కాదు బాబూ అది, కొండ లేసొచ్చినట్టుంది" అన్నాడు. రేకులు ఎగిరి పోవడం, ప్రహరీ మీద చెట్టు పడటం, మర్నాడు పొద్దున్న వీధంతా వచ్చి స్కూలు చేతిపంపు దగ్గర నిలబడటం. ఎవరు ముందు, ఎవరు వెనక అని గొడవ మొదలైతే ఈయనే సుద్దముక్కతో బిందెల మీద నంబర్లు వేశాడట. "నానేటి పెద్దోడినా? ఎవుడో ఒకడు ఎయ్యాల కదమ్మా నంబర్లు, ఏసినాను." కరెంటు వచ్చాక కూడా కొందరు ఆడవాళ్లు ఆయన్ని చూసి, "నంబర్లాయన" అని పిలిచేవారట.

టైమర్ ఎర్ర అట్ట ఎత్తింది. ఆ అట్ట ఎందుకో ఆయనకి ఎవరూ చెప్పలేదు. దాన్నొకసారి చూసి, ఇంకా మాట్లాడాడు. నియమం ప్రకారం రెండున్నర నిమిషాలు దాటితే పోటీలో లేనట్టే. బాగా మాట్లాడినవాళ్లకి ఓట్లేసి ఇచ్చే రిబ్బను ఒక బీటెక్ అబ్బాయికి వెళ్లింది. నియమం నియమమే గానీ, నాకది ఇప్పటికీ మింగుడుపడలేదు. పనిలో పనిగా ఒక మార్పు చేశాం. ఇప్పుడు గెస్టులు ఎవరొచ్చినా ముందు అట్టల సంగతి చెప్తాం.

లోపాలు లేవా అంటే ఉన్నాయి, అందుకే ఒక మార్కు తగ్గించాను. మా క్లబ్బు వరకే చెప్తున్నాను. పని ఎంత పంచినా చివరికి ఐదారుగురి మీదే పడుతుంది. మిగతావాళ్లు వచ్చి, ప్రసంగం చెప్పి, చప్పట్లు కొట్టించుకుని వెళ్తారు. చప్పట్లు కూడా మరీ ఎక్కువ. కుర్చీలోంచి లేచినందుకు చప్పట్లు, కూర్చున్నందుకు చప్పట్లు. ప్రసంగం మీద అభిప్రాయం చెప్పేవాళ్లు మొహమాటానికి పోయి, బాగాలేనిదాన్ని కూడా బాగుందంటారు. అలాంటి మెప్పు వల్ల ఏం ఒరుగుతుంది? నాకు ఒకాయన, "మీ ప్రసంగంలో లెక్కలు ఎక్కువ, మనుషులు తక్కువ" అన్నారు. ఆ ఒక్క మాటకే ఆరు నెలల చందా గిట్టుబాటైంది. ఇక క్లబ్బు పనితీరుకి ఏటా పది లక్ష్యాలు ఉంటాయి. జూన్ నెలాఖరులో వాటి కోసం పడే పరుగు చూస్తే మా ఆఫీసు మార్చి నెలాఖరే నయం. చదువుకునే పిల్లలకు ఈ చందా బరువే, దానికి నా దగ్గర జవాబు లేదు.

త్వరగా ఇంగ్లీషు రావాలి, ఇంటర్వ్యూ ఉంది అనేవాళ్లు ద్వారకానగర్ కోచింగులకే వెళ్లండి. అక్కడ మీరు కస్టమర్, పాఠం చెప్పకపోతే నిలదీయొచ్చు. ఇక్కడ నిలదీయడానికి ఎవరూ ఉండరు. మీటింగు చప్పగా ఉందంటే, వచ్చేవారం మీరు నడపండి అంటారు. నడపడం ఇష్టమున్నవాళ్లకి, కనీసం నడిపి చూద్దాం అనుకునేవాళ్లకి, ఊరికి కొత్తగా వచ్చినవాళ్లకి, పిల్లలు వెళ్లిపోయిన నాలాంటి అమ్మలకి ఇది పనికొస్తుంది.

గెస్టుగా వెళ్లడానికి డబ్బులు కట్టక్కర్లేదు. రెండు మూడు క్లబ్బులు చూసి, మనుషులు నచ్చినచోట చేరండి. మధ్యలో చేరితే మిగిలిన నెలలకే చందా. ఎన్నికలు మే నెలలో, కొత్త కమిటీ పని మొదలయ్యేది జూలై 1న. ఏప్రిల్‌లో వెళ్లారంటే మీకు ఏదో ఒక పదవి కట్టబెట్టకుండా వదలరు, ఆ సంగతి తెలిసే వెళ్లండి. మా దగ్గర ప్రస్తుతం ట్రెజరర్ ఖాళీ. అకౌంట్స్ వచ్చినదాన్ని నువ్వే చేసెయ్యమంటున్నారు, నేను ఒప్పుకోవడం లేదు. లెక్కలు నేను నేర్పిస్తాను, వచ్చేవాళ్లుంటే చెప్పండి.